నిలబడ్డ పెద్దమ్మగారు

పొద్దున్న అయిదున్నరకి భాస్కరం స్కూటరు స్టార్టయిందంటే ఆ వీధివాళ్ళు గడియారాలు సరిచేసుకునేవారు. ఆరింటికి మొదటి క్లాసు. రాజమండ్రిలో గోదావరి గట్టుకి నాలుగు వీధుల అవతల నాలుగంతస్తుల కాలేజీ. మూడో అంతస్తులో మెడికల్ ఎంట్రన్స్ బ్యాచి. నూట ఇరవైమంది పిల్లలు, పన్నెండు ఫ్యాన్లు, వాటిలో తిరిగేవి ఏడు. ఆ హాల్లో భాస్కరం పొద్దున్న రెండు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు, సాయంత్రం ఇంకో రెండు గంటలు నిలబడి ఆర్గానిక్ కెమిస్ట్రీ చెప్పేవాడు. ఇంటికొచ్చేసరికి చెవుల్లో కూడా చాక్‌పీసు పొడి ఉండేది.

కోనసీమ మనిషి. నలభై రెండేళ్ళు. క్లాసులో తప్ప ఎక్కడా గొంతు పెంచి ఎరగడు. కాలేజీలో చేరి తొమ్మిదేళ్ళయింది. చేరిన రోజునే డైరెక్టరు సత్యప్రసాద్‌గారు అతని పదో తరగతి నుంచి ఎమ్మెస్సీ దాకా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ఒక కవర్లో పెట్టి, మీద పేరు రాసి, తన గదిలోని ఆకుపచ్చ బీరువాలో పెట్టి తాళం వేశారు. "భద్రంగా ఉంటాయండి. మీరు ఇవాళ్టి నుంచి మా ఫ్యామిలీ మెంబరు" అన్నారు. అక్కడ పనిచేసే లెక్చరర్లందరి సర్టిఫికెట్లూ ఆ బీరువాలోనే ఉన్నాయి. సీజన్ మధ్యలో మానేస్తే కవరు బయటికి రాదు. కవరు లేకపోతే ఇంకో కాలేజీవాళ్ళు గడప ఎక్కనివ్వరు. ఫ్యామిలీ అంటే అలాగే ఉంటుంది మరి.

తొంభై ఎనిమిదిలో, ఏప్రిల్ నెలాఖర్న, ఎంసెట్ ఇంకా ఇరవై మూడు రోజులుందనగా భాస్కరానికి ఒళ్ళు కాలిపోయింది. తెల్లారేసరికి వీపు మీద, ఛాతీ మీద, చెవుల వెనక నీటిపొక్కులు. భార్య వరహాలక్ష్మి లైటు వేసి చూసింది. ఆవిడ నోట 'ఆటలమ్మ' అనే మాట రాకముందే వీధి గుమ్మంలో అమ్మవారు నిలబడి ఉంది.

పసుపుచీర, పెద్ద బొట్టు, సిగలో వేపరెమ్మ, చెప్పుల్లేని కాళ్ళు. చూస్తే అరవై ఏళ్ళుంటాయనిపిస్తుంది. ఎవరింటికి వచ్చినా ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడుతుంది. కూర్చోమనేదాకా కూర్చోదు. కూర్చోమన్నాక రోగి పక్కన చాప మీద తొమ్మిది రోజులుంటుంది. మజ్జిగ, చలివిడి, పెరుగన్నం, ఏది పెట్టినా చల్లగా ఉంటే చాలు. తొమ్మిదో రోజున రోగికి వేపాకు నీళ్ళు తలకి పోసి, ఆవిడకి పెరుగన్నం పెట్టి గుమ్మందాకా సాగనంపితే వచ్చిన దారినే పోతుంది. ఒకరికి ఒకసారి వచ్చిందంటే మళ్ళీ వాళ్ళకి రాదు. ఆ జిల్లాల్లో పుట్టినవాళ్ళకి ఇదంతా ఒకరు చెప్పక్కర్లేదు.

వరహాలక్ష్మికి ఆటలమ్మ చిన్నప్పుడే అయిపోయింది. "రండమ్మా, కూర్చోండి" అని చాప వేసి, గుమ్మానికి వేపమండలు కట్టి, పొయ్యి మీద పెట్టబోయిన పోపు మూకుడు తీసి పక్కన పెట్టేసింది. అమ్మవారు కాళ్ళు చాపుకుని కూర్చుంది. భాస్కరం మంచం మీద కళ్ళు మూసుకున్నాడు. అంతా పద్ధతి ప్రకారమే మొదలైంది. ఆరుంబావుకి ఫోను మోగింది.

"భాస్కరంగారూ, పిల్లలు ఎదురు చూస్తున్నారండి."

"ఆటలమ్మ వచ్చింది సార్. అమ్మవారు ఇంట్లోనే ఉందండి. తొమ్మిది రోజులు..."

అవతలి నుంచి సత్యప్రసాద్‌గారి గొంతు మరీ మెత్తగా వచ్చింది. "అయ్యయ్యో, ఎంత పనయిందండి. అయితే మరి ఆల్డిహైడ్లూ కీటోన్లూ ఎవరు చెప్తారండి?"

"నోట్సు రాసి పంపిస్తాను సార్."

"నోట్సు చూసి నేర్చుకునేవాళ్ళయితే మన దగ్గరికెందుకొస్తారండి? మీరు ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుని వచ్చేయండి. ఎలర్జీ అని చెబుదాం. అన్నట్టు, నిన్న బీరువా సర్దుతుంటే మీ కవరు కనపడిందండి. ఓ మూల చెద పట్టేటట్టుంది. వచ్చినప్పుడు చూసుకుందురు గాని."

భాస్కరం ఫోను పెట్టేసి చొక్కా తీశాడు. వరహాలక్ష్మి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మీరు వెళ్తే ఆవిడ ఇక్కడ కూర్చోదండీ. మీ వెనకాలే వస్తుంది. అక్కడ నూట ఇరవైమంది పిల్లలున్నారు."

"తెలుసు."

"తెలిసే వెళ్తున్నారా?"

భాస్కరం గుండీలు పెట్టుకుంటూ సమాధానం చెప్పలేదు. ఈ కథలో అతను సమాధానం చెప్పని చోట్లు ఇంకా చాలా ఉన్నాయి, ఇది మొదటిది.

అమ్మవారు బండెక్కదు. ఎక్కడికైనా నడిచే వస్తుంది. అందుకని స్కూటరు ఇంట్లో వదిలేసి భాస్కరం కూడా నూట రెండు డిగ్రీల జ్వరంతో నడుచుకుంటూ వెళ్ళాడు. ఆవిడ చాప మీంచి లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, నాలుగడుగుల వెనక నడిచింది. దారిలో ఎదురైన పెద్దవాళ్ళు పక్కకి తప్పుకుని దణ్ణం పెట్టారు. కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ చిట్టియ్య తలకి చుట్టుకున్న తువ్వాలు తీసేశాడు.

"లోపలికి పంపమన్నారాండి?" అన్నాడు భాస్కరంతో, గొంతు తగ్గించి.

"పంపమన్నారు."

"ఆయ్. మనదేవుందిలెండి" అని గేటు తీసి, తను మాత్రం గోడకి అంటుకుపోయాడు.

మూడో అంతస్తు మెట్ల దగ్గర సత్యప్రసాద్‌గారు ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నారు. అమ్మవారికి దూరం నుంచే నమస్కారం చేసి, భాస్కరాన్ని పక్కకి పిలిచారు. "వెనక గోడ దగ్గర నిలబడమనండి. కూర్చోమని మాత్రం ఎవర్నీ అననివ్వకండి. అననంతసేపూ ఆవిడ ఎవరి జోలికీ వెళ్ళదని మా అమ్మ చెప్పేది. పిల్లలకి ఆవిడెవరో చెప్పారా, సాయంత్రానికి సగం హాస్టలు ఖాళీ అయిపోతుంది. ఇరవై మూడు రోజులేనండి ఉంది."

అన్నీ తెలిసిన మనిషి. తెలియక చేసేవాళ్ళని ఏదో అనుకుని సరిపెట్టుకోవచ్చు.

పిల్లలు తలలెత్తి చూసి మళ్ళీ దించేసుకున్నారు. వాళ్ళలో చాలామంది ఆరో తరగతి నుంచీ హాస్టళ్ళలో పెరిగినవాళ్ళే. కప్ప గుండెకి ఎన్ని గదులో నిద్రలో లేపినా చెప్తారు గాని, వేపరెమ్మ పెట్టుకుని గుమ్మంలో నిలబడే మనిషి ఎవరో వాళ్ళకి తెలియదు. ఇంటర్ బోర్డు నుంచి వచ్చిన ఇన్‌స్పెక్షను అనుకున్నారు కొందరు. తెలిసినవాళ్ళు ఓ నలుగురైదుగురు ఉండే ఉంటారు. వాళ్ళు పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

అడిగింది ఒక్క దుర్గాశ్రీ.

ఆఖరి బెంచీలో గోడవైపు కూర్చునేది. రావులపాలెం అవతల అరటితోటల మధ్య పల్లె వాళ్ళది. తండ్రి చంద్రరావు అరటి రైతు. ఆదివారం ఆదివారం కూతురికి అరటిపళ్ళ హస్తం తెచ్చి, అందులో సగం కెమిస్ట్రీ మేష్టారికని విడిగా పంపేవాడు. ఒకసారి భాస్కరాన్ని గేటు దగ్గర ఆపి చెప్పాడు కూడా. "ఒక్క ఏడాదేనండి. సీటొస్తే డాక్టరు, రాకపోతే ఇంటికొచ్చేయడమే. మా అన్నదమ్ములకి అలా మాటిచ్చి తీసుకొచ్చానండి. రెండోసారి పంపించనివ్వరు." భాస్కరానికి ఆ పిల్ల పేపర్లు తెలుసు. పరీక్ష రాస్తే సీటు వస్తుంది. అందులో అనుమానం లేదు.

మొదటి రోజు క్లాసయ్యాక దుర్గాశ్రీ మెట్ల దగ్గర ఆగింది. "సార్, వెనకాల నిలబడ్డావిడ ఎవరండి? మా తమ్ముడికి ఆటలమ్మ వచ్చినప్పుడు మా ఇంటికి అచ్చం ఇలాంటావిడే వచ్చింది. నాకు రాలేదని నన్ను మా అమ్మమ్మగారింటికి పంపేశారు. దూరం నుంచి చూశాను సార్."

మెట్ల మలుపులో సత్యప్రసాద్‌గారి చెప్పుల చప్పుడు వినపడుతోంది.

"మా పెద్దమ్మగారమ్మా" అన్నాడు భాస్కరం. "ఊరి నుంచి వచ్చారు. ఆవిడకి నడుం నొప్పి, కూర్చోలేరు. నిలబడే ఉంటారు."

దుర్గాశ్రీ అతని మొహం వైపు, చెవి వెనక పొక్కుల వైపు చూసింది. "అలాగే సార్" అని వెళ్ళిపోయింది.

అబద్ధం ఆడటం ఇంత తేలికా అని భాస్కరానికి ఆశ్చర్యం వేసింది. మంచి అబద్ధమని కూడా అనిపించింది. నడుం నొప్పి మాట వింటే ఎవరూ కూర్చోమనరు కదా.

ఆ ఎనిమిది రోజులూ ఎలా గడిచాయో చెప్పుకుంటే ఒళ్ళు మండుతుంది. పొక్కులు చితికి చొక్కా వీపుకి అతుక్కుపోయేది. బోర్డు మీద అక్షరాలు రెండుగా కనపడేవి. పిల్లలు అతని గొంతు వినపడ్డంలేదని ముందుకి జరిగి కూర్చునేవారు. వెనక గోడ దగ్గర అమ్మవారు ఆరు గంటలూ నిలబడేది. ఒక కాలి మీద బరువు వేసి, అది నొప్పెడితే రెండో కాలి మీద వేసి. కరెంటు పోతే పమిట చెంగుతో విసురుకునేది. నాలుగో రోజుకి ఆవిడ పాదాలు వాచాయి. సాయంత్రం ఇంటికొచ్చాక వరహాలక్ష్మి పసుపునీళ్ళతో ఆ పాదాలు కడిగేది.

"ఎన్నో ఇళ్ళు చూశానమ్మా. నన్నిలా నిలబెట్టినవాళ్ళు లేరు" అంది ఆవిడ ఒకరోజు. కోపంగా అనలేదు. అలిసిపోయి అంది.

వరహాలక్ష్మి మొగుడివైపు చూసింది. అతను సమాధాన పత్రాలు దిద్దుకుంటున్నాడు.

తొమ్మిదో రోజు. సాయంత్రం తలకి పోసి, సాగనంపేస్తే అయిపోతుంది. మధ్యాహ్నం క్లాసులో కరెంటు పోయింది. మే నెల మూడు గంటల ఎండ కిటికీల్లోంచి సగం హాలు దాకా వచ్చింది. భాస్కరం బోర్డు మీద ఆల్డాల్ కండెన్సేషన్ రాస్తున్నాడు. వెనకాల బెంచీ కదిలిన చప్పుడయింది.

తిరిగి చూశాడు. దుర్గాశ్రీ పుస్తకాలు ఒళ్ళోకి తీసుకుని, పక్కపిల్లని జరగమని, గోడవైపు జాగా చేసింది. "కాసేపు కూర్చోండమ్మా" అంటోంది. "ఎనిమిది రోజుల్నుంచి చూస్తున్నాను, మీ కాళ్ళు చూడండి ఎలా వాచిపోయాయో. నడుం నొప్పయితే నా భుజానికి ఆనుకోండి, పర్లేదు."

అమ్మవారు భాస్కరం వైపు చూసింది. అడుగుతున్నట్టే చూసింది.

అప్పుడు ఒక్క మాట చాలు. 'వద్దమ్మా, ఆవిడ మా పెద్దమ్మ కాదు' అంటే చాలు. భాస్కరం నోరు తెరిచాడు కూడా. కిటికీ అవతల వరండాలో సత్యప్రసాద్‌గారు వచ్చే ఏడాది బ్యాచికి వచ్చిన తల్లిదండ్రులకి కాలేజీ చూపిస్తున్నారు. "మా కెమిస్ట్రీ ఫ్యాకల్టీ అండి. తొమ్మిదేళ్ళలో ఒక్కరోజు సెలవు పెట్టలేదు" అంటున్నారు. తల్లిదండ్రులు కిటికీలోంచి మెచ్చుకోలుగా చూస్తున్నారు.

భాస్కరం బోర్డు వైపు తిరిగాడు. రియాక్షను పూర్తి చేశాడు. తప్పు రాశాడు, తొమ్మిదేళ్ళలో మొదటిసారి. ఎవరూ పట్టుకోలేదు.

వెనకాల అమ్మవారు కూర్చుంది. కూర్చుని, హాలంతా వినపడేటట్టు ఒక నిట్టూర్పు విడిచింది. దుర్గాశ్రీ ఇచ్చిన సీసాలో నీళ్ళు తాగి, "మజ్జిగ ఏమైనా ఉందామ్మా?" అని అడిగింది.

"హాస్టల్లో మజ్జిగెక్కడిదమ్మా, తెల్లనీళ్ళు. మీరు మా ఇంటికి రండి. మా గేదె ఈనింది. మా నాన్నతో చెప్పి కుండెడు మజ్జిగ ఇప్పిస్తాను. రావులపాలెం దాటాక అరటి చంద్రరావుగారిల్లంటే ఎవరైనా చూపిస్తారు."

మనసులో లేనిది మాటవరసకి అనే పిల్ల కాదు. నిజంగానే రమ్మంది.

ఆ సాయంత్రం భాస్కరం వెనకాల అడుగుల చప్పుడు లేదు. ఇంటి దగ్గర వరహాలక్ష్మి వేపాకు నీళ్ళు కాచి, పెరుగన్నం కలిపి, విస్తరి వేసి ఎదురుచూస్తోంది. అతను ఒక్కడే గుమ్మంలోకి రావడం చూసి చెంబు కింద పెట్టింది.

"ఆవిడేరండీ?"

"వేరే ఎవరో పిలిచారు."

"ఎవరు? పిల్లలా? మీరు చూస్తూ ఊరుకున్నారా?"

భాస్కరం నీళ్ళ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. వరహాలక్ష్మి ఆ పెరుగన్నం తీసుకెళ్ళి వీధిలో ఆవుకి పెట్టింది.

పిలిచిన రెండు వారాలకి గాని అమ్మవారు రాదు. నడిచి వస్తుంది కదా, నీడ ఉన్నచోటల్లా ఆగుతుంది. ఆ రెండు వారాలూ భాస్కరానికి చెప్పడానికి కావలసినంత టైముంది. రోజూ చెబుదామనుకునేవాడు. ఇవాళ గ్రాండ్ టెస్టు, రేపు చెబుదాం. ఇవాళ పిల్ల కళకళలాడుతోంది, ఇప్పుడెందుకు బెదరగొట్టడం. ఒకవేళ అమ్మవారు దారి తప్పిపోతుందేమో. చదువుకున్న మనిషి తనకి తాను చెప్పుకునే మాటలకి అంతు ఉండదు.

పరీక్షకి మూడు రోజుల ముందు పిల్లల్ని ఇళ్ళకి పంపేశారు. సెంటరు కాకినాడలో, తల్లిదండ్రులే తీసుకురావాలి. దుర్గాశ్రీ హాల్ టికెట్ చేతిలో పట్టుకుని భాస్కరం కాళ్ళకి దణ్ణం పెట్టింది. "బాగా రాయమ్మా" అన్నాడు. అంతే అన్నాడు.

పరీక్ష రోజు కాకినాడలో సెంటరు గేటు ముందు కాలేజీ బ్యానరు కట్టారు. సత్యప్రసాద్‌గారు పిల్లలకి పెన్నులు పంచుతున్నారు, ఫొటోగ్రాఫరు తీస్తున్నాడు. భాస్కరం వచ్చినవాళ్ళని లెక్కపెట్టుకున్నాడు. నూట పందొమ్మిది. గేటు మూసేశారు. అప్పుడు వెళ్ళి డైరెక్టరుగారికి సంగతంతా చెప్పాడు.

"ఇంటికెళ్ళాక వచ్చిందా?" అన్నారు సత్యప్రసాద్‌గారు. "హమ్మయ్య. అయితే మన దగ్గర రాలేదు కదండీ. మీరు అనవసరంగా మనసులో పెట్టుకుంటున్నారు. ఇదిగో, ఈ పెన్నొకటి మిగిలింది, ఉంచండి."

భాస్కరం ఆ పెన్ను జేబులో పెట్టుకునే రావులపాలెం బస్సెక్కాడు.

ఊళ్ళోకి నడిచి వెళ్ళేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. గుమ్మానికి వేపమండలు. చంద్రరావు దడి తలుపు దగ్గరికి ఎదురొచ్చి, చేతులు జోడించి అక్కడే ఆపేశాడు. "లోపలికి రాకండి సార్, ఏమనుకోకండి. అమ్మవారు ఉంది. మొన్న సాయంత్రం వచ్చింది. ఇంత ఎండలో మీరే స్వయంగా వచ్చారా, మా పిల్ల కోసం."

"పరీక్షకి..."

"వెళ్తానంది సార్. జ్వరంలోనే వెళ్తానని ఏడ్చింది. నేనే వద్దన్నాను. హాల్లో ఎంతమంది పిల్లలుంటారండి. వాళ్ళందరికీ తగిలించి రావడం ఏం పద్ధతి సార్? వాళ్ళూ ఏడాదంతా చదువుకున్నవాళ్ళే కదా. రాసిపెట్టి లేదనుకుంటాం." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

రెండెకరాల అరటి రైతు. కూతురికి ఉన్న ఒక్క పరీక్షా వదిలేసుకున్నాడు, ముక్కూ మొహం తెలియని పిల్లల కోసం.

"ఒక్కసారి చూసి వెళ్తానండి" అన్నాడు భాస్కరం. "నన్నేం చెయ్యదు. నాకు అయిపోయింది."

"అలాగా సార్. ఎప్పుడు, చిన్నప్పుడా?"

అవునంటే సరిపోయేది. చంద్రరావు నమ్మేవాడు, మంచినీళ్ళిచ్చేవాడు, అరటి గెల కోసి సంచిలో పెట్టేవాడు. భాస్కరానికి ఆ అబద్ధం నోటిదాకా వచ్చింది. కాని అతని నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"కిందటి నెలాఖర్నండి."

చంద్రరావు వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టాడు. చేయి మధ్యలో ఆగిపోయింది. "మీ పెద్దమ్మగారు వచ్చారని చెప్పింది పిల్ల. కూర్చోమన్నానని, మజ్జిగకి రమ్మన్నానని..." అతను పక్కకి తప్పుకున్నాడు.

గదిలో మంచం మీద దుర్గాశ్రీ ఒళ్ళంతా పొక్కులతో పడుకుని ఉంది. మంచం పక్కన కొత్త చాప మీద అమ్మవారు గోడకి ఆనుకుని, కాళ్ళు బారచాపుకుని మజ్జిగ తాగుతోంది. పాదాల వాపు దిగింది. భాస్కరాన్ని చూసి, "తొమ్మిది రోజులు నిలబడ్డానయ్యా నీ వెనకాల" అంది.

భాస్కరం మంచం పక్కన నిలబడి, "అమ్మా, నేను నీకు అబద్ధం చెప్పాను" అన్నాడు.

"నాకు తెలుసు సార్" అంది దుర్గాశ్రీ. పెదవుల మీద కూడా పొక్కులున్నాయి, మాట మెల్లగా వస్తోంది. "మొదటి రోజే తెలుసు. కాని మీరు పెద్దమ్మగారన్నారు కదా. మీరు చెప్పింది కాదని ఎలా అంటాను? పెద్దమ్మగారిలాగే చూశాను."

భాస్కరం జేబులో చెయ్యి పెట్టాడు. పెన్ను తగిలింది. దాన్ని అక్కడే వదిలేసి చెయ్యి బయటికి తీశాడు.

అతను దడి తలుపు దాటుతుంటే చంద్రరావు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆ పక్కనే ఖాళీ కుర్చీ ఉంది. ఆ జిల్లాల్లో శత్రువొచ్చినా కూర్చోమంటారు, వెళ్ళేటప్పుడు మళ్ళీ రండంటారు. అది మర్యాద అని కూడా అనుకోరు, ఊపిరి తీసుకున్నట్టు అనేస్తారు. భాస్కరం దడి పట్టుకుని కాసేపు ఆగాడు. చంద్రరావు తోట వైపు చూస్తున్నాడు. ఆ మాట రాలేదు.

ఆ తర్వాత ఇంకెవరి నోటా రాలేదు.

జూన్‌లో పేపర్లో కాలేజీ ర్యాంకులు నిండు పేజీ వేశారు. సత్యప్రసాద్‌గారు సంతోషంగా కవరు తిరిగిచ్చారు. చెద ఏమీ పట్టలేదు. భాస్కరం కాకినాడలో ఇంకో కాలేజీకి ఇంటర్వ్యూకి వెళ్ళాడు. ముగ్గురు పెద్దమనుషులు, ఎదురుగా కుర్చీ. ఎవరూ కూర్చోమనలేదు. అడిగినవాటికి నిలబడే సమాధానాలు చెప్పాడు. ఉద్యోగం ఇచ్చారు. చుట్టాలిళ్ళకి వెళ్తే కాఫీ ఇచ్చేవారు, యోగక్షేమాలడిగేవారు, కూర్చోమనడం మర్చిపోయేవారు. పెళ్ళిళ్ళలో అందర్నీ పేరు పేరునా పిలిచి బంతిలో కూర్చోబెట్టేవారు, అతని దగ్గరికొచ్చేసరికి ఎవరో ఒకరు వాళ్ళని వెనక్కి పిలిచేవారు. బస్సులో, సినిమా హాల్లో కూర్చునేవాడు, అవి టికెట్టు కొన్న సీట్లు. మనిషి మనిషికిచ్చే కుర్చీ మాత్రం అతనికి దొరకలేదు. అనకుండా కూర్చునే పెంపకం కాదు అతనిది. వరహాలక్ష్మి మొదట్లో చూసింది, తర్వాత అర్థం చేసుకుంది. ఎక్కడికైనా వెళ్తే తనూ అతని పక్కనే నిలబడేది.

అలా తొమ్మిదేళ్ళు గడిచాయి. నిలబడి నిలబడి భాస్కరానికి మోకాళ్ళు అరిగిపోయాయి.

రెండువేల ఏడులో ఒకరోజు పొద్దున్నే మోకాళ్ళు చూపించుకోడానికి కాకినాడలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి వెళ్ళాడు. వరండా నిండా జనం. చీటీలు రాసే బల్ల దగ్గర నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న నర్సు, బల్లకి రెండు బారల దూరంలో ఒక స్టూలు. బల్ల మీద అట్టముక్క మీద చేత్తో రాసి పెట్టింది: 'నాకు కళ్ళకలక వచ్చింది. దయచేసి దగ్గరికి రావద్దు.' లోపల్నుంచి సూపర్‌వైజరు వచ్చి ఆ అట్టముక్క తీసి చెత్తబుట్టలో పడేశాడు. "పేషెంట్లు భయపడతారని ఎన్నిసార్లు చెప్పాలమ్మా?" అని కసిరి వెళ్ళిపోయాడు. నర్సు సొరుగు తీసి అలాంటిదే ఇంకో అట్టముక్క బల్ల మీద పెట్టింది.

"లీవు అడిగితే స్టాఫ్ లేరన్నారండి" అంది వరసలో ముందున్న ముసలమ్మతో. "రాక తప్పలేదు. అందుకే ముందే చెప్తున్నాను."

భాస్కరం వంతు వచ్చింది. నర్సు చీటీ మీద పేరు రాసుకుంటూ ఆగిపోయింది. తలెత్తి, నల్లద్దాలు నుదుటి మీదికి జరిపింది. కళ్ళు ఎర్రగా వాచి నీళ్ళు కారుతున్నాయి. ఎడమ కనుబొమ మీద అమ్మవారు వదిలివెళ్ళిన మచ్చ, చిన్న గుంటలా.

"నువ్వు డాక్టరువి కావాల్సిందమ్మా" అన్నాడు భాస్కరం. తొమ్మిదేళ్ళుగా దాచుకున్న మాటలన్నిట్లో ఆ ఒక్కటే బయటికొచ్చింది.

దుర్గాశ్రీ అద్దాలు మళ్ళీ కిందికి దించుకుని స్టూలు వైపు చెయ్యి చూపించింది.

"కూర్చోండి సార్" అంది. "కొంచెం ఎడంగా కూర్చోండి. నాకు కళ్ళకలక."

భాస్కరం కూర్చున్నాడు. కూర్చున్నాడుగాని, చీటీ రాసి పిలిచేదాకా తల ఎత్తలేకపోయాడు.